'కలిగులా': ఏళ్ల తరబడి చూశాక నా మాట

రోమ్ చక్రవర్తి కలిగులా మీద 1979లో వచ్చిన సినిమా 'కలిగులా' పేరెత్తితే రెండు రకాల జవాబులే వినిపిస్తాయి. "ఛీ, అదీ ఒక సినిమానా" అని మొహం చిట్లించేవాళ్లు ఒకవైపు. "రోమ్‌ని దాచకుండా చూపించిన ధైర్యం దానిదొక్కదానిదే" అని వెనకేసుకొచ్చేవాళ్లు ఇంకోవైపు. నేను దీన్ని చాలా ఏళ్లుగా, చేతికందిన ప్రతి రూపంలోనూ చూస్తూ వచ్చాను. బాగా కత్తిరించిన పొట్టి కాపీ చూశాను, రెండున్నర గంటలు దాటే అసలు విడుదల కాపీ చూశాను, నటులు తమ జ్ఞాపకాలు చెప్పుకొచ్చే డీవీడీ విన్నాను, ఈమధ్య వచ్చిన కొత్త కూర్పూ చూశాను. తిట్టేవాళ్లు చూసిందీ అందులో ఉంది, పొగిడేవాళ్లు చూసిందీ ఉంది. కానీ ఇద్దరూ శరీరాల దగ్గరే ఆగిపోతున్నారన్నది నా బాధ. ఈ సినిమాలో అసలు భయపెట్టేది బట్టల్లేని మనుషులు కాదు, రాజు ఏం చేసినా తలూపుతూ నిలబడే మనుషులు.

ముందు ఇది ఎవరి సినిమానో చెప్పాలి, ఎందుకంటే తగువంతా అక్కడే మొదలైంది. స్క్రిప్టు రాసింది గోర్ విడాల్. మంచివాడిగా మొదలైన కుర్రాడిని అంతులేని అధికారం పిచ్చివాణ్ణి చేస్తుందనేది ఆయన కథ. దర్శకుడు టింటో బ్రాస్‌కి కలిగులా పుట్టుకతోనే రాక్షసుడు. డబ్బు పెట్టింది పెంట్‌హౌస్ అనే శృంగార పత్రిక యజమాని బాబ్ గూచియోనీ. ఆయనకి తన పత్రిక పాఠకులు థియేటర్‌కి రావాలి. 1976లో రోమ్‌లో షూటింగ్ జరిగింది. ఎడిటింగ్ మొదలయ్యాక బ్రాస్‌ని బయటికి పంపేశారు. ఆ తర్వాత గూచియోనీ తన మనుషులతో అవే సెట్లలో పచ్చి శృంగార దృశ్యాలు తీసి మధ్యమధ్యలో అతికించాడు. మాల్కమ్ మెక్‌డవెల్, హెలెన్ మిరెన్, పీటర్ ఓటూల్, జాన్ గీల్గుడ్ లాంటి నటులు ఆ దృశ్యాల్లో లేరు. టైటిల్స్‌లో బ్రాస్‌కి దక్కింది 'ప్రిన్సిపల్ ఫోటోగ్రఫీ' (ప్రధాన చిత్రీకరణ) అన్న మాట మాత్రమే. విడాల్ కూడా తన పేరుని సినిమా పేరు ముందు నుంచి తీయించేసుకున్నాడు. సొంతం అని చెప్పుకోవడానికి రచయితా, దర్శకుడూ ఇద్దరూ ఒప్పుకోని సినిమా ఇది.

ఈ సంగతి తెలియకుండా చూసినా, ఆ అతుకులు కంటికి కనపడిపోతాయి. ఒక సన్నివేశంలో కలిగులా, అతని చెల్లెలు డ్రుసిల్లా మాట్లాడుకుంటుంటారు. ఉన్నట్టుండి కెమెరా ఎవరో తెలియని మనుషుల దగ్గరికి వెళ్లిపోతుంది. వాళ్లని ఆ గదిలో ఎవరూ చూడటం లేదు. వాళ్లకీ కథకీ సంబంధం లేదు. కాసేపయ్యాక మళ్లీ కథ దగ్గరికి వస్తాం, కానీ అప్పటిదాకా పోగైన బరువంతా పోతుంది. నాకు ఆ దృశ్యాలతో ఉన్న పేచీ నీతికి సంబంధించింది కాదు. బ్రాస్ తీసిన నగ్నత్వంలో ఒక అర్థం ఉంది: అక్కడ బట్టలున్నవాడు యజమాని, లేనివాడు సొత్తు. అతికించిన వాటిలో ఆ తేడా లేదు. అవి ఏ రాజు కాలంలోనైనా, ఏ ఊళ్లోనైనా తీయొచ్చు.

అమెరికన్ సమీక్షకుడు రోజర్ ఈబర్ట్ రెండు గంటలు చూసి మధ్యలోనే లేచి వచ్చేశాడు, ఒక్క స్టార్ కూడా ఇవ్వలేదు. ఆయన కోపం నాకు అర్థమవుతుంది, కొన్ని సన్నివేశాల దగ్గర నాకూ లేచి వెళ్లిపోవాలనిపించింది. కానీ చివరి అరగంట చూడకపోతే ఈ సినిమా గురించి సగమే తెలిసినట్టు. బోస్టన్‌లో దీని మీద అశ్లీలత కేసు నడిచినప్పుడు, కళగా దీనికి విలువ లేదు కానీ రాజకీయంగా ఉంది అని కోర్టు వదిలిపెట్టింది. నన్నడిగితే చాలామంది సమీక్షకుల కంటే ఆ న్యాయమూర్తే ఓపిగ్గా చూశారు.

ఏళ్లు గడిచేకొద్దీ నాకు మరింత నచ్చినవి ఉన్నాయి. మొదటిది డానిలో డొనాటి వేసిన సెట్లు. సినిమా విడుదలయ్యేనాటికి కాస్ట్యూమ్స్‌కి రెండు ఆస్కార్లు అందుకున్న మనిషి. పాలరాతి స్తంభాలూ తెల్లటి టోగాలూ అని మనకి అలవాటైన రోమ్ కాదు ఇది. పీడకలలో కనిపించే ఊరిలా ఉంటుంది. మైదానమంత వెడల్పున ఎర్రటి గోడ ఒకటి కదిలి వస్తుంది, దాని అడుగున తిరిగే కత్తులు నేలలో మెడదాకా పాతిపెట్టిన మనుషుల తలలు నరుకుతాయి. ఇలాంటి యంత్రం చరిత్రలో ఎక్కడా లేదు, పూర్తిగా కల్పన. అయినా ఒక రాజ్యం మనుషుల్ని చంపడాన్ని ఎలా పండగ చేస్తుందో అది చెబుతుంది. గోడ మీద జనం ఉంటారు, కూర్చుని చూస్తుంటారు.

ఇంత గొప్ప సెట్లని సరిగ్గా చూపించారా అంటే లేదు. దూరం నుంచి జూమ్ చేసి తీసిన షాట్లు ఎక్కువ. ఎడిటింగ్ వేరేవాళ్ల చేతిలో పడటంతో ఎవరు ఎక్కడ నిలబడ్డారో తెలియదు, ఎవరు ఎవర్ని చూస్తున్నారో తెలియదు. ఇటాలియన్ నటుల గొంతులు డబ్బింగ్ కాబట్టి పెదాలకీ మాటకీ పొత్తు కుదరదు. ఆడియో బాగున్న కాపీ దొరికినా ఈ ఇబ్బంది పోదు, సబ్‌టైటిల్స్ పెట్టుకోవడమే మేలు. ఖచటూరియన్, ప్రొకోఫియెవ్ సంగీతాన్ని వాడుకున్నారు. అది వచ్చినప్పుడల్లా సినిమా తన స్థాయి కంటే పైకి లేచి నిలబడుతుంది.

కలిగులాగా వేసిన మెక్‌డవెల్ గురించి ఎంత చెప్పినా తక్కువే. అతిగా నటించాడని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. మొదట్లో అతనిది ప్రాణభయంతో ఉన్న కుర్రాడి ముఖం. కాప్రి ద్వీపంలో అప్పటి చక్రవర్తి, ముసలి టైబీరియస్ ముందు నాట్యం చేస్తున్నప్పుడు నవ్వుతూనే ఉంటాడు, కళ్లు మాత్రం ముసలాయన చేతులనే కనిపెట్టుకుని ఉంటాయి. సింహాసనం ఎక్కాక ఆ భయం పోదు, ఎదుటివాళ్ల మీదికి మళ్లుతుంది. పుండ్లు పడిన ముఖంతో ఓటూల్ చేసిన టైబీరియస్, ఈ రాజ్యంలో ఇక బతకలేనని స్నానపు తొట్టిలో నరాలు కోసుకునే అతని పాత స్నేహితుడు నెర్వాగా గీల్గుడ్: ఈ ఇద్దరి మధ్య నడిచే సంభాషణ మొత్తం సినిమాలో అన్నిటికంటే బాగా రాసిన భాగం. నిజమైన నెర్వా తిండి మానేసి ప్రాణం వదిలాడని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. పద్ధతి మార్చారు కానీ కారణాన్ని చెడగొట్టలేదు.

చరిత్ర అంతా తప్పులే అనేవాళ్లకి కొంచెం వివరంగా జవాబు చెప్పాలి. కలిగులా క్రీ.శ. 37లో చక్రవర్తి అయ్యాడు, 41 జనవరిలో హత్యకు గురయ్యాడు. అప్పటికి వయసు 28. అతని పాలన గురించి టాసిటస్ రాసిన భాగాలు మనకి మిగల్లేదు. సినిమా ఎక్కువగా ఆధారపడింది మరో రోమన్ రచయిత స్యుటోనియస్ మీద, ఆయన రాసింది దాదాపు 80 ఏళ్ల తర్వాత. తన గుర్రాన్ని కాన్సుల్ (రోమ్‌లో పెద్ద పదవి) చేశాడని మనలో చాలామంది చెప్పుకుంటారు. చేయబోయాడని చెప్పుకునేవారని మాత్రమే స్యుటోనియస్ రాశాడు. "రోమ్ ప్రజలందరికీ కలిపి ఒకే మెడ ఉంటే ఎంత బాగుండేది" అన్న మాట స్యుటోనియస్ పుస్తకంలో ఉన్నదే. రాజభవనంలో వేశ్యాగృహం తెరిచి పెద్దింటి ఆడవాళ్లని పెట్టాడన్న ఆరోపణ కూడా ఆయన రాసిందే, సినిమా దాన్ని పెద్ద ఓడ మీదికి మార్చింది. ఆ ఓడ చూసి "మరీ ఇంత పెద్దదా" అని నవ్వేవాళ్లున్నారు. నెమి సరస్సులో కలిగులా కట్టించిన రెండు నౌకలు నిజంగానే 70 మీటర్ల పైచిలుకు పొడవుండేవి. 1930 ప్రాంతంలో సరస్సు నీళ్లు తోడించి వాటిని బయటికి తీశారు, 1944లో మంటల్లో కాలిపోయాయి. అంగరక్షక దళాధిపతి మాక్రోని తలలు కోసే యంత్రానికి ఎర వేసినట్టు చూపించడం మాత్రం కల్పన. నిజానికి అతను బలవంతపు ఆత్మహత్యతో చనిపోయాడు.

ఇక అందరికంటే ఎక్కువ గొడవ రేపే సన్నివేశం, ప్రోక్యులస్ పెళ్లి. కలిగులా పెళ్లింటికి వెళ్లి వధువునీ వరుణ్నీ ఇద్దరినీ చెరుస్తాడు. దీన్ని చూడలేక సినిమా ఆపేశామన్నవాళ్లని, ముఖ్యంగా ఆడవాళ్లని, నేను ఏమాత్రం తప్పుపట్టను. ఇది చూసి తీరాలని ఎవరికీ చెప్పను కూడా. కానీ ఇక్కడ కెమెరా సుఖం చూపించదు. వరుడు రోమ్ సైన్యంలో వీరుడు, అయినా ఒక్క మాట అనలేడు. ఎవరూ అడ్డు రారు. ద్రౌపదిని సభకి ఈడ్చుకొచ్చిన రోజు పెద్దలంతా తల దించుకుని కూర్చోవడం విని పెరిగిన మనకి, ఈ మౌనం ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు. అదే బ్రాస్ తీసిన సినిమా అసలు విషయం. కలిగులా తనని దేవుడిగా ప్రకటించమని రోమ్ పెద్దల సభ అయిన సెనేట్‌ని అడిగినప్పుడు, వాళ్లంతా ఒక్క గొంతుతో సరేనంటారు. బ్రిటన్‌ని జయించామంటూ సైనికుల చేత రెల్లు దుబ్బుల్ని నరికిస్తాడు, అప్పుడూ సరేనంటారు. అతను వాళ్లని అవమానించేది వాళ్లు ఎక్కడ ఆగమంటారో చూడటానికే అని మెక్‌డవెల్ ముఖం చూస్తే తెలుస్తుంది. ఎవరూ ఆగమనరు.

2023లో కాన్స్ చిత్రోత్సవంలో ప్రదర్శించిన 'అల్టిమేట్ కట్' గురించి కూడా చెప్పాలి. థామస్ నెగోవన్ 96 గంటల నెగటివ్‌ని ముందేసుకుని, పాత కూర్పులో వాడిన షాట్ల జోలికి పోకుండా, దాదాపు మూడు గంటల కొత్త సినిమా తయారుచేశాడు. గూచియోనీ అతుకులన్నీ పోయాయి. బొమ్మ ఎంత శుభ్రంగా ఉందంటే, డొనాటి సెట్లు ఇన్నాళ్లకి కళ్లారా చూశాననిపించింది. అన్నిటికంటే పెద్ద లాభం హెలెన్ మిరెన్‌కి. ఆమె వేసింది కలిగులా భార్య సీసోనియా పాత్ర. పాత కాపీలో ఆ పాత్ర అతని పక్కన నిలబడే మనిషి, అంతే. ఇందులో ఆమె ఆ ఇంట్లో అందరికంటే తెలివైన మనిషి. భర్త ఎటు పోతున్నాడో ఆమెకి తెలుసు, ఆపగలిగే క్షణం దాటిపోయిందనీ తెలుసు. డ్రుసిల్లా చనిపోయాక ఆమె అతన్ని చూసే చూపులో జాలీ లెక్కా రెండూ ఉంటాయి.

అయినా ఇది బ్రాస్ సినిమా కాదు. ఆయన దీన్ని తన పనిగా ఒప్పుకోలేదు, ఆ అభ్యంతరం న్యాయమైనదే. కొత్త సంగీతం ఒకే మూలుగులా సాగుతుంది, ఖచటూరియన్ లేని లోటు నాకు ప్రతి పది నిమిషాలకీ తెలిసింది. కొన్ని సన్నివేశాలు అవసరానికి మించి నడుస్తాయి. పాతదాన్ని ప్రేమించేవాళ్లు "గోళ్లు తీసేశారు" అంటారు. అందులో కొంత నిజముంది, ఆ పాత కాపీలో ఉన్న జ్వరం ఇందులో లేదు. అయినా మొదటిసారి చూసేవాళ్లకి నేను చెప్పేది కొత్తదే. ఒంటరిగా చూడండి, మధ్యలో ఆపుకోండి. నచ్చితే తర్వాత పాతదానికి వెళ్లండి. పొట్టి కాపీ జోలికి మాత్రం పోకండి, అందులో శృంగారంతో పాటు కథ కూడా కత్తిరించేశారు.

రెండు కూర్పులూ తీర్చని ఫిర్యాదు ఒకటి నాకు మిగిలింది. మెట్ల మీద కలిగులాని, సీసోనియాని, వాళ్ల పాపని చంపేస్తారు. వణికిపోతున్న కలిగులా బాబాయి క్లాడియస్‌కి సైనికులు జేజేలు కొడతారు. సినిమా అయిపోతుంది. నిజానికి ఆ హత్య తర్వాత సెనేట్ సమావేశమైంది. ఇక చక్రవర్తులే వద్దు, గణతంత్రం తిరిగి తెచ్చుకుందామని అక్కడ వాదించారు. ఆ వాదన సాగుతుండగానే సైన్యం క్లాడియస్‌ని తమ శిబిరానికి తీసుకెళ్లి ఎంచుకుంది, సెనేట్ మరోసారి సరేనంది. అంతసేపు తలూపిన మనుషుల్ని చూపించిన సినిమా, వాళ్లు నోరు తెరిచిన ఆ ఒక్క రోజుకి పది నిమిషాలు ఇచ్చి ఉండాల్సింది.