డీజిల్ డీఎస్‌జీ బండికి ఫ్లైవీల్: కొత్తదా, రీకండిషనా, సెకండ్‌హ్యాండా, సింగిల్ మాసా? ఏది మేలు?

డీఎస్‌జీ అంటే రెండు క్లచ్‌లుండే ఆటోమేటిక్ గేర్‌బాక్స్, ఫ్లైవీల్ అంటే ఇంజిన్‌కీ దానికీ మధ్య ఉండే బరువైన చక్రం. అది చప్పుడు చేస్తోందని గాజువాక ఆటోనగర్ షెడ్డులో గేర్‌బాక్స్ కిందికి దించేశాక "కొత్తది వేయమంటారా, బాగుచేసింది వేయమంటారా?" అని మెకానిక్ అడిగితే అప్పటికప్పుడు తేల్చుకోవడం కష్టం. బండి లిఫ్టు ఎక్కకముందే తేల్చుకోవాలి. ఎందుకంటే ఏది వేసినా గేర్‌బాక్స్ దించి ఎక్కించే కూలీ ఒకటే. చవక ఫ్లైవీల్ ఆరు నెలలకే మళ్ళీ చప్పుడు చేస్తే ఆ కూలీ రెండోసారి కట్టాలి.

ముందు చప్పుడు ఫ్లైవీల్‌దేనా అని చూసుకోవాలి. ఈ బండ్లలో ఉండేది డ్యూయల్ మాస్ ఫ్లైవీల్, అంటే రెండు బరువైన చక్రాలు, వాటి మధ్య గ్రీజులో కూర్చున్న వంపు స్ప్రింగులు. డీజిల్ ఇంజిన్ కొట్టే కుదుపును ఆ స్ప్రింగులు మింగుతాయి. అవి అరిగినా, గ్రీజు ఎండిపోయినా పీ లేదా ఎన్‌లో ఐడిల్ మీద గలగల మొదలవుతుంది. 1500 ఆర్‌పీఎంకి ఎక్కిస్తే తగ్గుతుంది. డీలో బ్రేక్ తొక్కి ఉంచితే తరచూ చప్పుడు మారుతుంది. అన్నిటికన్నా పెద్ద గుర్తు ఇంజిన్ ఆపేటప్పుడు వచ్చే 'దడదడ'. ఐడిల్ కంటే కింది వేగాల్లో ఫ్లైవీల్‌కి సొంత ఊగుడు ఉంటుంది, ఇంజిన్ ఆగేటప్పుడు ఆ మెట్టు దాటుతూ స్ప్రింగులు కొట్టుకుంటాయి. బ్యాటరీ నీరసించి స్టార్టర్ మెల్లగా తిరిగినా అదే మెట్టులో ఎక్కువసేపు నలుగుతాయి. అందుకని ఫ్లైవీల్‌ని అనుమానించేముందు బ్యాటరీ చూడండి.

కింది ఇంజిన్ మౌంటింగు రబ్బరు చిరిగినా ఇలాగే కుదుపు వస్తుంది, అది చాలా చిన్న ఖర్చు. స్కానర్‌లో ఐడిల్ మీద నాలుగు ఇంజెక్టర్ల సవరణ విలువలు చూడండి. ఒక సిలిండర్ మిగతావాటికి దూరంగా ఉంటే ముందు దాన్ని సరిచేయాలి. లేకుంటే కొత్త ఫ్లైవీల్‌ని కూడా ఆ కుదుపే తినేస్తుంది.

ఇక ఎంపికలు.

కొత్తది: లూక్, సాక్స్ లాంటి కంపెనీలదైతే నిశ్చింత. పార్ట్ నంబరు ఇంజిన్ కోడ్‌కీ గేర్‌బాక్స్‌కీ సరిపోవాలి. బండి పేరు చెప్పి తెప్పించుకుంటే తప్పుది రావచ్చు.

రీకండిషన్: ఇక్కడే జనం ఎక్కువ మోసపోతారు. కవర్ ఫ్యాక్టరీలో వెల్డింగుతో మూసి ఉంటుంది. దాన్ని కోసి, స్ప్రింగులు మార్చి, గ్రీజు నింపి మళ్ళీ వెల్డింగ్ చేస్తారు. అంత వేడికి లోపలి గ్రీజు పాడవచ్చు, చక్రం వంగవచ్చు. ఆ తర్వాత బ్యాలెన్సింగ్ మెషీన్ మీద పెట్టకపోతే క్రాంక్ షాఫ్ట్ బేరింగుల మీద భారం పడుతుంది. స్ప్రింగులు ఏవి వేశారో, గ్రీజు ఎంత నింపారో, బ్యాలెన్స్ చేశారో లేదో చెప్పలేని షెడ్డుకి వద్దనే అనండి.

సెకండ్‌హ్యాండ్: ఢిల్లీ మాయాపురి నుంచో, పాత బండ్ల నుంచో వస్తుంది. చెప్పిన కిలోమీటర్లు నమ్మక్కర్లేదు, చేతికే తెలుస్తుంది. ఇంజిన్ వైపు చక్రాన్ని కదలకుండా పట్టి, గేర్‌బాక్స్ వైపు చక్రాన్ని స్ప్రింగు తగిలేదాకా అటూ ఇటూ తిప్పండి. వదులు ఎక్కువుంటే వద్దు. ముందుకూ వెనక్కూ ఊగినా, నీలం రంగు మచ్చలున్నా వద్దు. అంచున కాస్త గ్రీజు చెమ్మ ఉంటే ఫరవాలేదు, కారిపోయి ఉంటే మాత్రం తీసుకోకండి. బండి అమ్మేసే ఉద్దేశం ఉంటే తప్ప నేను దీనికి ఓటు వేయను.

సింగిల్ మాస్: స్ప్రింగుల్లేని ఒకే చక్రం. మాన్యువల్ బండ్లలో దీనికి చోటుంది, అక్కడ క్లచ్ ప్లేటులోనే స్ప్రింగులుంటాయి. తడి క్లచ్ ఉన్న ఆరు గేర్ల డీఎస్‌జీ, డీక్యూ250లో ఆ స్ప్రింగులు లేవు, కుదుపంతా నేరుగా షాఫ్టు పళ్ళకు పోతుంది. డీఎస్‌జీకి వద్దేవద్దు.

జెట్టా, ఆక్టావియా 2.0 డీజిల్లో ఉండేది ఈ డీక్యూ250. ఇంజిన్ టార్క్, అంటే తిప్పే బలం, 320 న్యూటన్ మీటర్లు, గేర్‌బాక్స్ తట్టుకునేది 350. క్లచ్ గేర్‌బాక్స్ లోపల నూనెలో ఉంటుంది కాబట్టి దాన్ని ముట్టకుండానే ఫ్లైవీల్ మార్చవచ్చు. వెంటో, రాపిడ్ 1.5 డీజిల్ ఏడు గేర్ల డీక్యూ200లో అంత సుఖం లేదు. ఇంజిన్ 250, గేర్‌బాక్స్ హద్దూ 250. రీమ్యాప్, అంటే సాఫ్ట్‌వేర్ మార్చి ఇంజిన్ బలం పెంచే మాటే ఎత్తకండి. అందులో పొడి క్లచ్ గేర్‌బాక్స్‌కే బిగించి ఉంటుంది, దించాక కళ్ళముందే ఉంటుంది. అరిగి ఉంటే ఆ పూటే మార్చాలి. తీసి వేయడానికి ప్రత్యేక టూల్స్ కావాలి, కె1, కె2 అనే రెండు క్లచ్‌లకు షిమ్ (సందు సరిచేసే పల్చటి రేకు) కొలతలు తీయాలి, తర్వాత స్కానర్‌తో బేసిక్ సెట్టింగ్ చేయాలి. సుత్తితో కొట్టి దింపే షెడ్డులో ఈ పని పెట్టకండి.

ఏ గేర్‌బాక్సైనా ఫ్లైవీల్ బోల్టులు పాతవి వాడకూడదు. ఈ ఇంజిన్లలో చాలావాటికి 60 న్యూటన్ మీటర్ల బిగింపు, ఆపై మరో 90 డిగ్రీలు. క్రాంక్ వెనక ఆయిల్ సీలు చెమర్చి ఉంటే అప్పుడే మార్చండి. డీక్యూ250లో ఫ్లైవీల్‌లోకి దిగే షాఫ్టు పళ్ళ మీద ఎర్రటి తుప్పు పొడి కనబడితే వేలితో తుడిచి పళ్ళ అంచులు చూడాలి. అరిగిన పళ్ళ మీద కొత్త ఫ్లైవీల్ వేసినా చప్పుడు పోదు. 60,000 కిలోమీటర్ల నూనె, ఫిల్టరు సర్వీసు దగ్గరపడి ఉంటే దాన్నీ ఇందులోనే కలిపేయండి.

కొత్తది వేశాక నడిపే తీరు కూడా మారాలి. డీలో గేర్‌బాక్స్ తొందరగా పై గేరుకి వెళ్ళిపోతుంది. సింహాచలం ఘాట్ మీద 1200 ఆర్‌పీఎంలో యాక్సిలరేటర్ తొక్కితే స్ప్రింగులు నలిగేది అక్కడే. ఎక్కుడులో ఎస్ మోడ్ వేయండి, లేదా మాన్యువల్లో 1800 పైన ఉంచండి. ఎండాడ ఎక్కుడులో ట్రాఫిక్ ఆగినప్పుడు యాక్సిలరేటర్‌తో బండిని పట్టుకోకుండా బ్రేక్ తొక్కి ఉంచండి. డీక్యూ200 క్లచ్ పొడిది, దానికి వేడి అసలు పడదు.