బటన్లు చెప్పే పుస్తకం ఆఖర్న కొనండి

పుస్తకాలు చదివి మ్యాపులు చెయ్యడం, జీఐఎస్ (కంప్యూటర్లో మ్యాపులూ వాటి వెనక లెక్కలూ నడిపే పద్ధతి) నేర్చుకోవచ్చా అని అడిగేవాళ్లకు నా జవాబు ఒకటే. నేర్చుకోవచ్చు, కాకపోతే కొనే వరుస తిరగెయ్యాలి. అందరూ ముందు సాఫ్ట్‌వేర్ పుస్తకం కొంటారు. అది చూస్తుండగానే పాతబడిపోతుంది. డిజైన్ పుస్తకాలు మాత్రం ఎప్పుడో 2005లో వచ్చినవి ఇంకా నా బల్ల మీదే ఉన్నాయి. నేనుండేది శ్రీకాకుళం. చెరువులకూ కాలువలకూ వాటర్‌షెడ్ పనులకూ మ్యాపులు చేసిపెట్టడమే నా బతుకుతెరువు. పక్కన కూర్చోబెట్టుకుని నేర్పినవాళ్లు ఎవరూ లేరు, ఉన్నదల్లా ఈ పుస్తకాలే.

సాఫ్ట్‌వేర్ పుస్తకం సంగతి ముందు తేల్చేస్తాను. నా దగ్గరున్న లావుపాటిది క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాపుల సాఫ్ట్‌వేర్ రెండో వెర్షన్ నాటిది. 2018లో 3.0 వచ్చింది. మెనూలు మారాయి, ప్రింటుకు మ్యాపు సర్దుకునే ప్రింట్ కంపోజర్ కాస్తా లేఅవుట్ అయింది, పుస్తకంలో బొమ్మకూ తెర మీద కనిపించేదానికీ పొంతన పోయింది. దాని బదులు క్యూజీఐఎస్ వాళ్లే ఉచితంగా ఇచ్చే 'జెంటిల్ ఇంట్రడక్షన్ టు జీఐఎస్' చదవండి. దక్షిణాఫ్రికాలో ఈస్టర్న్ కేప్ బడి పిల్లలనూ టీచర్లనూ దృష్టిలో పెట్టుకుని రాసింది. వెక్టర్ (చుక్కలు, గీతలు, హద్దులు) ఏమిటో, రాస్టర్ (ఫొటోలా గళ్లు గళ్లుగా ఉండేది) ఏమిటో, గుండ్రటి భూమిని చదును కాగితం మీదకి దించే ప్రొజెక్షన్ ఎందుకో ఇంటర్ పిల్లలకు కూడా ఎక్కుతుంది. ఏ బటన్ ఎక్కడుందో వీడియోల్లో దొరుకుతుంది, దానికి డబ్బు పెట్టక్కర్లేదు.

డబ్బు పెట్టాల్సిన మొదటి పుస్తకం జాన్ క్రైగియర్, డెనిస్ వుడ్ రాసిన 'మేకింగ్ మ్యాప్స్'. మాటలు తక్కువ, బొమ్మలు ఎక్కువ. 1986లో వాయేజర్ విమానం మధ్యలో ఇంధనం నింపుకోకుండా భూమి చుట్టి వచ్చింది కదా, రెండో కూర్పులో ఆ ప్రయాణం మ్యాపునే ముందు పెట్టి, అధ్యాయం మారినప్పుడల్లా మళ్లీ తెచ్చి, గీత ఇంత మందం ఎందుకు, ఈ అక్షరం ఇక్కడే ఎందుకు అని చుట్టూ రాసుకుంటూ పోతారు. ఒకే మ్యాపును అన్నిసార్లు చూశాక ఊరికే పెట్టిన గీత కనబడితే చెయ్యి దానంతటదే డిలీట్ మీదకి పోతుంది. పుస్తకం కాస్త అల్లరిగా ఉంటుంది, పాఠ్యపుస్తకంలా వరుసగా చదవాలనుకునేవాళ్లకు విసుగు.

రెండోది సింథియా బ్రూయర్ 'డిజైనింగ్ బెటర్ మ్యాప్స్'. రంగుల విషయంలో దీన్ని మించింది నేను చూడలేదు. 'కలర్‌బ్రూయర్' అనే రంగుల వరుసలు ఆవిడవే, క్యూజీఐఎస్‌లో కూడా ఉన్నాయి. ఆ వరుసల్లో ఏది జిరాక్సుకు తట్టుకుంటుందో కూడా గుర్తు పెట్టి చెబుతారు. అమెరికాలో దాని అవసరం ఎంతో గానీ మనకు అదే ప్రాణం. నువ్వు ఎంత బాగా కలర్ ప్రింటు తీసి ఇచ్చినా ఆ మ్యాపు మండలాఫీసు దాటేసరికి నలుపు తెలుపు జిరాక్సు అవుతుంది. మధ్యలో తెలుపు, ఒక పక్క ఎరుపు, ఇంకో పక్క నీలం ఉండే వరుస వాడితే జిరాక్సులో రెండు కొసలూ ఒకే బూడిద రంగు. ఎక్కువేదో తక్కువేదో దేవుడికే తెలియాలి. లేతనుంచి ముదురుకు పోయే ఒకే రంగు అయితే బతుకుతుంది. వంశధార ఒడ్డున ఒక ఊళ్లో అలాంటి వరద మ్యాపు జిరాక్సు ఒకటి ఒక పెద్దాయన చేతిలో పెట్టాను. సూచిక వైపు చూడనైనా లేదు. "నల్లగున్న కాడ నీళ్లెక్కువ, అంతే కదేటి బాబూ?" అన్నాడు. బ్రూయర్ ఒక అధ్యాయమంతా చెప్పింది అదే.

మూడోది మార్క్ మాన్‌మోనియర్ 'హౌ టు లై విత్ మ్యాప్స్'. 1991 నాటిది, తర్వాత కూర్పులూ వచ్చాయి. మ్యాపు చేసేవాడి కంటే చూసేవాడికి ఎక్కువ అవసరం. 1854లో లండన్ బ్రాడ్ స్ట్రీట్ నీళ్ల పంపు దగ్గర కలరా చావులను జాన్ స్నో అనే డాక్టరు మ్యాపు మీద పెట్టి, జబ్బుకు మూలం ఆ పంపే అని చూపించిన సంగతి చాలామందికి తెలుసు. మాన్‌మోనియర్ అవే చావులను వేరువేరు హద్దుల్లో కలిపి చూపిస్తాడు. హద్దు ఒకలా గీస్తే పంపు పట్టుబడుతుంది, ఇంకోలా గీస్తే మాయమవుతుంది. ఉద్దానం కిడ్నీ జబ్బు లెక్కలు చూసినప్పుడల్లా నాకు ఆ పేజీయే గుర్తొస్తుంది. ఊరి వారీగా చుక్కలు పెడితే కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు కళ్లకు కడతాయి. జిల్లా సగటు తీస్తే అంతా సర్దుకుపోతుంది. పైగా 2022 ఏప్రిల్ 4న మన హద్దులే మారాయి. పాలకొండ పార్వతీపురం మన్యానికి పోయింది, రాజాం విజయనగరానికి పోయింది. 2011 జనాభా లెక్కల శ్రీకాకుళం వేరు, ఇవాళ్టి శ్రీకాకుళం వేరు. రెండింటినీ పక్కపక్కన పెట్టి 'తగ్గింది' అని రాసిన మ్యాపు ఎవరైనా చూపిస్తే ముందు హద్దు ఏ సంవత్సరానిదో అడగండి.

ఇక పుస్తకాలు చెప్పనివి. నా అసలు ఫిర్యాదు ఇక్కడే.

ప్రొజెక్షన్ అధ్యాయంలో అన్ని పుస్తకాలూ 'మీ ప్రాంతం ఏ యూటీఎం జోనులో పడుతుందో చూసుకుని అది పెట్టుకోండి' అని ఒక వాక్యంతో దాటేస్తాయి. యూటీఎం అంటే భూమిని ఆరేసి డిగ్రీల నిలువు పట్టీలుగా కోసి, ఒక్కో పట్టీకి (జోనుకు) ఒక ప్రొజెక్షన్ ఇచ్చే పద్ధతి. విజయనగరం వాళ్లకు ఆ వాక్యం చాలు, హాయిగా 44వ జోను. సిక్కోలుకు చాలదు. 44, 45 జోన్లను విడదీసే 84 డిగ్రీల రేఖాంశం మన జిల్లా మధ్యలోంచే పోతుంది. అరసవిల్లి సూర్యదేవుడు 44లో ఉంటే, శ్రీకూర్మం గీత దాపునే ఉంది, నరసన్నపేట, టెక్కలి, పలాస, ఇచ్ఛాపురం 45లోకి వెళ్లిపోయాయి. జిల్లా మొత్తం ఒకే మ్యాపులో కావాలంటే ఏదో ఒక జోను ఎంచుకుని రెండో వైపును అందులోకి లాక్కోవాలి, వేరే దారి లేదు. తప్పేమీ కాదు, కానీ అంచు దగ్గర సాగుడు ఎంతో తెలిసుండాలి. 84 డిగ్రీల దగ్గర కొలత కిలోమీటరుకు 80 సెంటీమీటర్లకు పైగా ఎక్కువ చూపిస్తుంది. వైశాల్యంలో అది వంద ఎకరాలకు సుమారు 17 సెంట్లు. చెరువు విస్తీర్ణానికి పట్టించుకోనక్కర్లేదు, భూమి లెక్కకైతే 17 సెంట్లకు మనవైపు కోర్టుకు పోతారు. క్యూజీఐఎస్‌లో డాలరు గుర్తుతో వచ్చే ఏరియా ఫంక్షన్ ప్రాజెక్టులో పెట్టిన ఎలిప్సాయిడ్ (కాస్త నొక్కిన బంతిలాంటి భూమి ఆకారం) మీద లెక్క కడుతుంది, ఆ గుర్తు లేనిది చదునైన కాగితం మీద కడుతుంది. రెండూ తీసి పక్కన పెట్టుకుంటే తేడా మీకే కనిపిస్తుంది.

రెండోది అక్షరాలు. నదుల పేర్లు ఇటాలిక్‌లో, కొండల వరుసల పేర్లు క్యాపిటల్స్‌లో ఎడం ఎడంగా పెట్టమని డిజైన్ పుస్తకాల్లో మామూలుగా కనబడే సలహా. తెలుగుకు క్యాపిటల్సే లేవు. ఇటాలిక్ నొక్కితే కంప్యూటర్ అక్షరాన్ని బలవంతాన వంచుతుంది, 'వంశధార' గాలికి ఒరిగిన తాటిచెట్టులా ఉంటుంది. నది వంపు వెంబడి లేబులు తిప్పితే ఇంకో చిక్కు. నేను మొదట్లో వాడిన పాత వెర్షన్‌లో 'సువర్ణముఖి'లో ర్ణ విడిపోయి రెండు ముక్కలుగా పడేది. కొత్త వెర్షన్లలో ఆ బాధ తప్పింది. చుక్కకు కుడివైపు పైన పేరు పెట్టమనే సూత్రం మనకూ పనికొస్తుంది గానీ, 'ఇచ్ఛాపురం'లో ఛ వత్తు కిందికి దిగి చుక్కను మింగేస్తుంది. ఇంగ్లీషుకు ఇచ్చే ఎడం కంటే కాస్త ఎక్కువివ్వాలి. ఇవన్నీ చూశాక నేను పెట్టుకున్న పద్ధతి ఇది: నీళ్లకు నీలం రంగు, సన్నటి నిలువు అక్షరం. కొండలకు లేత బూడిద, వెడల్పు అక్షరం. ఊళ్లకు నలుపు, ఊరి స్థాయిని బట్టి మందం. అనెక్ తెలుగు ఫాంటులో సన్నం నుంచి మందం దాకా, ఇరుకు నుంచి వెడల్పు దాకా రకాలున్నాయి కాబట్టి ఇదంతా ఒక్క ఫాంటుతో అయిపోతుంది. ఈ ఒక్క విషయం మీద తెలుగులో ఎవరైనా పుస్తకం రాస్తే మొదటి ప్రతి నేనే కొంటాను.

కొనేవాళ్లకు చివరగా ఒక మాట. మాన్‌మోనియర్‌ది సెకండ్‌హ్యాండ్‌లో పాత కూర్పు దొరికినా తీసుకోండి, విషయం చెడదు. క్రైగియర్, వుడ్‌ల పుస్తకం రెండో కూర్పు గానీ ఆ తర్వాతది గానీ చూసుకోండి. బ్రూయర్ పుస్తకం ఖరీదు అనిపించి ఎవరైనా నలుపు తెలుపు ప్రతి అంటగడితే మాత్రం వద్దనండి. రంగుల గురించి రాసిన పుస్తకం, రంగులు లేకపోతే అందులో ఇంకేం మిగలదు.