వాడిన యమహా టీఆర్‌బీఎక్స్ 174: నెక్ చూసి కొనవలసిన బేస్ గిటార్

వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లోని వాద్యాల దుకాణాల్లో ఆరు తీగల గిటార్లు గోడ నిండా వేలాడుతుంటాయి గాని, లావు తీగలతో మంద్ర స్వరాలు పలికే బేస్ గిటార్ కావాలంటే చాలాసార్లు హైదరాబాదు నుంచి తెప్పించమని చెప్పి వేచి ఉండవలసి వస్తుంది. అందువల్ల నాకు తెలిసిన వాయిద్యకారుల్లో చాలామంది చర్చి గాయక బృందాలు, పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలు, కళాశాల బ్యాండ్ల మధ్య చేతులు మారే వాద్యాల మీదే ఆధారపడుతున్నారు. అలాంటి వాటిలో ఒకటైన యమహా టీఆర్‌బీఎక్స్ 174ను కాజీపేట రైల్వే కాలనీలో, గాయక బృందంలో వాయించడం మానుకున్న ఒకాయన దగ్గర కొత్తదాని ధరలో సగానికి కొన్నాను. హనుమకొండలో బాగు చేయించుకొని, ఎండాకాలమూ వానాకాలమూ వాయించి చూసిన తర్వాత ఈ సమీక్ష రాస్తున్నాను. నెక్, అంటే తీగల కింద వేళ్లతో నొక్కే పొడవాటి కర్ర భాగం, సరిగ్గా ఉన్నది దొరికితే ఈ ధరకు ఇది మంచి వాద్యమే. నెక్‌లో లోపం ఉంటే మాత్రం పావు ధరకు ఇచ్చినా తీసుకోవద్దని నా అభిప్రాయం. ఎందుకంటే, ఇందులో చెడిపోగల తక్కిన భాగాలన్నింటినీ మన ఊళ్లోనే సరిచేయించుకోవచ్చు.

దీని నిర్మాణంలో కొత్త ప్రయోగాలేమీ లేవు. 34 అంగుళాల స్కేలు (తీగ మోగే పొడవు), 24 ఫ్రెట్లు (నెక్‌పై అడ్డంగా ఉండే లోహపు కడ్డీలు), బాడీకి బోల్టులతో బిగించిన మేపుల్ నెక్, రెండు పికప్‌లు (తీగ కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగాలు), వాటికి చెరొక వాల్యూమ్, రెండింటికీ కలిపి ఒక టోన్, అంతే. బ్యాటరీతో నడిచే సర్క్యూట్ లేదు. అమెరికా వాద్యాల తయారీదారు లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్‌ను మార్కెట్లోకి తెచ్చినప్పుడు స్థిరపడిన 34 అంగుళాల కొలతే ఇది. నెక్ వైపున్న పికప్ 1957లో ఆ ప్రెసిషన్ బేస్‌కు వచ్చిన రెండు ముక్కల పద్ధతిలోనూ, బాడీ మీద తీగలు బిగిసే బ్రిడ్జ్ వైపున్నది 1960 నాటి జాజ్ బేస్ పద్ధతిలోనూ ఉంటాయి. ఇంత పాతబడిన ఏర్పాటు కావడం కొనేవారికి లాభమే, ఎందుకంటే లోపలి వైరింగును చూడగానే రేడియో మెకానిక్‌కు సైతం అర్థమవుతుంది.

నెక్ పరీక్షకు తొందరపడకూడదు. ముందుగా గిటార్‌ను బ్రిడ్జ్ వైపు నుంచి కంటికి ఎదురుగా పట్టుకొని నెక్ పొడవునా చూస్తే, తల దగ్గరి ఫ్రెట్లూ బాడీ దగ్గరి ఫ్రెట్లూ ఒకదానికొకటి సమాంతరంగా కనిపించాలి. ఒకవైపు పైకి లేచినట్లుంటే నెక్ మెలి తిరిగిందని అర్థం, దానికి మన ప్రాంతంలో విరుగుడు లేదు. తర్వాత లావు తీగను మొదటి ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, నెక్ బాడీని కలిసే చోట మరో చేత్తో నొక్కి పట్టి, ఏడో ఎనిమిదో ఫ్రెట్ దగ్గర తీగ కింద ఎంత సందు ఉందో చూడాలి. విజిటింగ్ కార్డు మందం, అంటే సుమారు 0.3 మిల్లీమీటర్ల సందు ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. అంతకన్నా చాలా ఎక్కువైతే తీగల లాగుడుకు నెక్ విల్లులా ముందుకు వంగిందన్నమాట. అసలు సందే లేకపోతే వెనక్కి వంగి ఉండవచ్చు. ఈ రెండింటినీ నెక్ లోపలి లోహపు కడ్డీ అయిన ట్రస్ రాడ్‌తో సరిదిద్దవచ్చు గాని, ఆ రాడ్ నట్టు ఇంకా తిరిగే స్థితిలో ఉండాలి. కాబట్టి అమ్మేవారి అనుమతితో, వారి ఎదుటే, సరిపోయే పానాతో నట్టును కొద్దిగా వదులు చేసి మళ్లీ బిగించి చూడడం మంచిది. పూర్తిగా బిగిసిపోయిన నట్టు ఉన్న గిటార్‌ను నేను అంతకుముందు రెండు చోట్ల వదిలేశాను. వాటిలో ఒకదాని పాలిష్ అద్దంలా మెరుస్తోంది.

నేను కొన్నదాని నెక్ నేరుగా ఉంది, నట్టు తిరిగింది, కాని ఫ్రెట్ల చివరలు అంచు దాటి వేళ్లకు గుచ్చుకుంటున్నాయి. మన ఎండలకు ఫింగర్‌బోర్డు కర్ర తేమ కోల్పోయి కుంచించుకుపోతుంది, లోహపు ఫ్రెట్లు మాత్రం ఉన్నంత పొడవే ఉంటాయి, అందువల్ల వాటి కొసలు బయటికి వస్తాయి. హనుమకొండలో హార్మోనియాలు, గిటార్లు బాగుచేసే మేస్త్రి సన్నని ఆకురాయితో ఒక్కో కొసనూ అరగదీసి, ఫింగర్‌బోర్డుకు తేలికగా నూనె పట్టించాడు. లావు తీగ కింద మొదటి నాలుగైదు ఫ్రెట్లపై ఉక్కు తీగల రాపిడికి గుంటలు పడ్డాయి గాని, అవి లోతైనవి కావు. అతడు ఆ ఫ్రెట్ల పైభాగాలను సమం చేసి మళ్లీ గుండ్రంగా తీర్చడంతో జివ్వుమనే శబ్దం పోయింది. ఈ పని చేయగలిగినవారు నగరంలో తక్కువ కాబట్టి తొందరపెట్టకుండా వారికి తగినంత సమయం ఇవ్వాలి.

విద్యుత్ భాగాల్లో మూడు లోపాలు బయటపడ్డాయి. వాల్యూమ్ తిప్పినప్పుడు వచ్చే గరగర కాంటాక్ట్ క్లీనర్ చల్లితే ఒక పాట్‌లో (వాల్యూమ్ నాబ్ కింద తిరిగే విద్యుత్ భాగం) తగ్గింది, రెండోదాన్ని మార్చవలసి వచ్చింది. ఇటువంటి పికప్‌లకు సాధారణంగా 250 కిలో ఓమ్‌ల పాట్, టోన్‌కు 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్ వాడతారు. ఇవి ఎలక్ట్రానిక్ విడిభాగాల దుకాణాల్లో దొరుకుతాయి. అయితే పాట్ మీద ‘ఏ’ అక్షరం ఉన్నదే అడిగి తీసుకోవాలి. ‘బి’ అక్షరం ఉన్నది లీనియర్ రకం. వాల్యూమ్‌కు దాన్ని పెడితే తిప్పిన కొలది సమంగా తగ్గవలసిన శబ్దం చాలాసేపు అలాగే ఉండి చివరలో ఒక్కసారిగా పడిపోతుంది. వదులైన జాక్‌కు కొత్త టంకం సరిపోయింది.

మూడోది అసలైన చిక్కు. ఆంప్లిఫయర్‌కు కలిపినప్పుడు గుయ్‌మనే రొద వచ్చేది. తీగలను ముట్టుకుంటే అది తగ్గేది కాదు, జాక్ లోహాన్ని ముట్టుకుంటే తగ్గేది. అంటే బ్రిడ్జ్ కింద నుంచి వెళ్లవలసిన ఎర్త్ తీగ తెగిపోయిందన్నమాట. బ్రిడ్జ్ విప్పి చిన్న రాగి తీగ ముక్కతో దాన్ని తిరిగి కలిపేసరికి రొద చాలావరకు పోయింది. మిగిలినది బ్రిడ్జ్ వైపు పికప్ స్వభావం. నెక్ వైపు పికప్‌లోని రెండు ముక్కలు ఒకదానికొకటి ఎదురుగా చుట్టినవి కావడంతో హమ్మింగ్‌ను తామే రద్దు చేసుకుంటాయి. బ్రిడ్జ్ వైపు ఉన్నది ఒంటరి కాయిల్, దానికి జోడీ లేదు. రెండు పికప్‌లూ ఒకే రకంగా ఉండే జాజ్ బేస్‌లో రెండు వాల్యూములూ పూర్తిగా తెరిస్తే ఆ రొద తగ్గుతుంది, ఈ మిశ్రమ ఏర్పాటులో ఆ సౌకర్యం ఉండదు. లోపలి గుంటల్లో రాగి రేకు అతికిస్తే చరచరమనే శబ్దాలు తగ్గుతాయి గాని, ట్రాన్స్‌ఫార్మర్ల నుంచి వచ్చే హమ్మింగ్ తగ్గదు. జనరేటర్ మీద నడిచే ఫంక్షన్ హాళ్లలో నేను బ్రిడ్జ్ వైపు వాల్యూమ్‌ను పూర్తిగా తగ్గించే వాయిస్తాను. ఎర్త్ లేని హాలులో ఒక చేయి తీగల మీద ఉండగా పెదవులు మైక్‌కు తగిలితే షాక్ కొట్టే ప్రమాదం కూడా ఉంది కాబట్టి, వాయించే ముందు సౌండ్ సిస్టమ్ వారిని ఎర్తింగ్ గురించి అడగడానికి మొహమాటపడకూడదు.

ఈ బేస్ శబ్దం చప్పగా ఉందని చెప్పినవారిని నేను విన్నాను, కాని వారిలో కొందరు దీన్ని నేరుగా మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో పెడుతున్నారు. బ్యాటరీ లేని ఇలాంటి వాద్యానికి దాదాపు ఒక మెగా ఓమ్ నిరోధం ఉన్న ఇన్‌పుట్ కావాలి. లైన్ ఇన్‌పుట్ అందులో వందో వంతు మాత్రమే ఉండవచ్చు, అందువల్ల పై స్వరాల కాంతి అంతా అక్కడే అణగిపోతుంది. మధ్యలో ఒక డీఐ బాక్స్ (గిటార్ సంకేతాన్ని మిక్సర్‌కు తగినట్లు మార్చే చిన్న పెట్టె) పెడితే అదే గిటార్ స్పష్టంగా పలుకుతుంది. లావు తీగ స్వరం సుమారు 41 హెర్ట్జ్‌ల వద్ద ఉంటుంది కాబట్టి, ఇంట్లో సాధన చేసే చిన్న స్పీకర్లలో విని ఈ వాద్యం మీద తీర్పు చెప్పడం కూడా న్యాయం కాదు.

ఖర్చు విషయానికి వస్తే, కొత్త తీగల సెట్టే అన్నిటికన్నా ఎక్కువైంది. మేస్త్రి కూలితో సహా మిగతా మరమ్మతులన్నీ కలిపినా దానికి మించలేదు. గిటార్ బెల్టు తగిలించే మర అరిగిన రంధ్రంలో వడ్రంగి టేకు పుల్లకు ఫెవికాల్ రాసి దిగ్గొట్టాడు, ఆ పనికి డబ్బు కూడా తీసుకోలేదు.

వాడినది కొనడం కన్నా స్థానిక టేకుతో బాడీ చేయించి, విడిగా కొన్న నెక్‌ను బిగిస్తే ఎలా ఉంటుందని ఒకరిద్దరు అడిగారు. చేయవచ్చు, కాని టేకులోని నూనె వల్ల జిగురు సరిగా పట్టదు, అతికించే ముందు అసిటోన్‌తో తుడవాలి. తల దగ్గర తీగలు ఆనే నట్ నుంచి పన్నెండో ఫ్రెట్‌కు 17 అంగుళాలు ఉంటే అక్కడి నుంచి బ్రిడ్జ్ మీద తీగ ఆనే శాడిల్‌కు కూడా అంతే దూరం, ఆపై లావు తీగకు కొంచెం ఎక్కువ ఉండేలా కొలవాలి; ఇందులో పొరపాటు జరిగితే శ్రుతి ఎప్పటికీ కుదరదు. ఆ శ్రమ మీద ఇష్టం ఉన్నవారికి తప్ప, డబ్బు ఆదా కోసం ఆ దారి పట్టమని నేను చెప్పలేను.

వెతకడానికి ఏప్రిల్, మే నెలలు అనువైనవి, ఎందుకంటే వరంగల్ ఎన్‌ఐటీలో చదువు ముగించుకొని వెళ్లిపోయే విద్యార్థులు తమ వాద్యాలను అప్పుడే అమ్ముకుంటారు. అయితే మే నెల ఎండలో సరిచేసుకున్న నెక్ వంపు జూలై తేమకు మారుతుంది, నాదీ మారింది. ఆ సమయంలో ట్రస్ రాడ్‌ను ఒక్కసారికి పావు చుట్టుకు మించి తిప్పకుండా, ఒక రాత్రి వదిలేసి మర్నాడు మళ్లీ కొలిచి చూసిన తర్వాతే ఇంకా తిప్పాలో లేదో నిర్ణయించుకోవాలి.