'కంప్లీట్' అని చూసి పాత క్రైస్తవ పుస్తకాలు కొంటున్నారా? ముందు ఇది చదవండి

అందరికీ వందనాలు. పాత క్రైస్తవ పుస్తకాల కొత్త ముద్రణలు ఆన్‌లైన్‌లో కొనేవాళ్లకి, ముఖ్యంగా స్టడీ గ్రూపుల కోసం ఒకేసారి ఎక్కువ కాపీలు ఆర్డర్ పెట్టేవాళ్లకి ఈ హెచ్చరిక.

జాన్ బన్యన్ అనే ఇంగ్లిష్ బోధకుడు రాసిన 'యాత్రికుని ప్రయాణం' ఇంగ్లిష్ ప్రతులు మా గ్రూపు కోసం తెప్పించాం. క్రిస్టియన్ అనే యాత్రికుడు పరలోక పట్టణానికి చేసే ప్రయాణాన్ని ఒక కలగా చెప్పే కథ అది. కవర్ మీద 'కంప్లీట్ అండ్ అన్‌అబ్రిడ్జ్‌డ్' (పూర్తిగా, ఏమీ కుదించకుండా) అని పెద్ద అక్షరాలు, కింద 'స్టడీ గైడ్‌తో సహా' అని ఇంకో ముక్క. తీరా చూస్తే అది కోసేసిన పుస్తకం. కోస్తే కోశారు, కోసిన చోట బన్యన్ ఎన్నడూ రాయని మాటలు అతికించారు. నా కోపమంతా ఈ అతుకుల మీదే.

మా గ్రూపులో ఒక పెద్దాయన దగ్గర చాలా పాత ప్రతి ఉంది. ఒక చెల్లెలు పైకి చదువుతుంటే ఆయన తన పుస్తకంలో వరస మీద వేలు పెట్టుకుని అనుసరిస్తున్నారు. ఉన్నట్టుండి వేలు ఆగింది. "అమ్మా, పేజీలు దాటేశావు" అన్నారు. ఆ అమ్మాయి ఏమీ దాటలేదు. మాకొచ్చిన పుస్తకంలో ఆ పేజీలే లేవు.

అక్కడి నుంచి రెండూ పక్కపక్కన పెట్టుకుని చూశాం. మొదటి భాగం 1678లో, క్రిస్టియన్ భార్య క్రిస్టియానా, పిల్లలు చేసే ప్రయాణం గురించిన రెండో భాగం 1684లో వచ్చాయి. మాకొచ్చిన దాంట్లో రెండో భాగం ఊసే లేదు. సరే, చాలా ముద్రణల్లో అది ఉండదు, 'కంప్లీట్' అనకుండా ఉంటే సరిపోయేది. బన్యన్ తానే మార్జిన్‌లో ఇచ్చుకున్న వాక్య రిఫరెన్సులు కూడా తీసేశారు. చదివేవాడు బైబిలు తెరిచి సరిచూసుకోవాలనే ఆయన అవి పెట్టాడు. ఇక్కడ ఆ దారి మూసేశారు.

ఆ ఎగిరిపోయిన పేజీలు టాకటివ్ అనేవాడివి. పుస్తకం మొత్తంలో వివేచన నేర్పే చోటు ఏదంటే నేను ఇదే చూపిస్తాను. దేవుని సంగతులు ఏ అంశం ఎత్తినా అనర్గళంగా మాట్లాడతాడు. క్రిస్టియన్ తోటి యాత్రికుడు ఫెయిత్‌ఫుల్ అంతటివాడే మొదట పడిపోయి, ఎంత మంచి తోడు దొరికాడని మురిసిపోతాడు. క్రిస్టియన్ మాత్రం వాడిని ఎరిగినవాడు. బయట పరిశుద్ధుడు, ఇంట్లో దయ్యం అని వాడి గురించి జనం చెప్పుకునే మాట వినిపిస్తాడు. మాటలు కోటలు దాటతాయి, కాలు గడప దాటదు అన్న బాపతు మనిషి. అప్పుడు ఫెయిత్‌ఫుల్ వెళ్లి అడుగుతాడు: హృదయంలో దేవుని కృప పని చేస్తోందని ఎలా తెలుస్తుంది? పాపానికి వ్యతిరేకంగా గట్టిగా మాట్లాడటంలో తెలుస్తుంది అంటాడు టాకటివ్. కాదు, పాపాన్ని అసహ్యించుకోవడంలో తెలుస్తుంది, పాపం మీద కేకలు వేయడం ఎవడైనా చేయగలడు అని ఫెయిత్‌ఫుల్ సరిదిద్దుతాడు. సువార్త మర్మాలు బాగా తెలిసి ఉండటం రెండో గుర్తు అని టాకటివ్ అంటే, తెలిసినంత మాత్రాన సరిపోదని దాన్నీ కొట్టిపారేస్తాడు. వాక్చాతుర్యానికీ విశ్వాసానికీ తేడా పట్టుకోవడం ఇంత ఓపికగా నేర్పిన పేజీలు నేను వేరే చోట పెద్దగా చూడలేదు. యూట్యూబ్ ప్రసంగాల కాలంలో ఇంతకంటే అవసరమైన అధ్యాయం ఏముంటుంది? సరిగ్గా దాన్నే తీసేశారు. బహుశా సంభాషణ ఎక్కువ, కథ తక్కువ అని కావచ్చు.

ఇక అతుకుల సంగతి. డౌటింగ్ క్యాసిల్ (సందేహాల కోట) ఘట్టం చాలామందికి తెలిసిందే. నిరాశ అనే అర్థం ఉన్న రాక్షసుడు జెయింట్ డిస్పెయిర్ క్రిస్టియన్‌ని, తోటి యాత్రికుడు హోప్‌ఫుల్‌ని చెరసాలలో పడేస్తాడు. బుధవారం ఉదయం నుంచి శనివారం రాత్రి దాకా తిండి లేదు, నీళ్లు లేవు, వెలుతురు లేదు, పైగా దెబ్బలు. శనివారం అర్ధరాత్రి ప్రార్థన మొదలుపెట్టి దాదాపు తెల్లారేదాకా ప్రార్థిస్తారు. అప్పుడు క్రిస్టియన్‌కి తన రొమ్ము దగ్గర 'ప్రామిస్' అనే తాళంచెవి ఉందని గుర్తొస్తుంది. అంటే దేవుని వాగ్దానం. మాకొచ్చిన పుస్తకంలో దెబ్బలు ఒక వాక్యానికి కుదించారు, రాత్రంతా చేసిన ప్రార్థన అసలే లేదు. తాళంచెవి దొరికిన వెంటనే ఒక పేరా వస్తుంది: ఆ తాళంచెవి నీ నోట్లోనే ఉంది, విజయాన్ని ప్రకటించు, నీ మాట ఏ తలుపునైనా తెరుస్తుంది అని. అక్షరాలు అవే, సైజు అదే, గీత లేదు, బాక్సు లేదు. కొత్తగా చదివేవాడికి అది బన్యన్ మాట కాదని తెలిసే అవకాశమే లేదు. దేవుని వాగ్దానం ఉండాల్సిన చోట మన నోటిమాటను కూర్చోబెట్టారు. ప్రాస్పరిటీ బోధ (నమ్మి నోటితో ప్రకటిస్తే ధనం, విజయం వస్తాయనే బోధ) దాని సొంత పేరుతో వస్తే గుర్తుపట్టేవాళ్లు చాలామందే ఉన్నారు. విశ్వాసం కోసం ఏళ్ల తరబడి జైల్లో ఉన్న బన్యన్ పేరుతో వస్తే ఎవరు అనుమానిస్తారు?

చివర కూడా మార్చారు. అసలు పుస్తకంలో మొదటి భాగం యాత్రికులు పరలోక పట్టణంలోకి వెళ్లడంతో ముగియదు. ఇరుకు ద్వారం గుండా రాకుండా అడ్డదారిలో కలిసిన ఇగ్నొరెన్స్ అనేవాడు ద్వారం దాకా వస్తాడు. చూపించడానికి వాడి దగ్గర ధ్రువపత్రం ఉండదు, వాడిని వెనక్కి తీసుకుపోతారు. పరలోక ద్వారం దగ్గర నుంచి కూడా నరకానికి దారి ఉందని చెప్పి కల ముగుస్తుంది. ఒళ్లు జలదరించే ముగింపు అది. మా కాపీలో గంటలు మోగుతాయి, అందరూ సంతోషిస్తారు, తర్వాత స్టడీ గైడ్.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. పుస్తకాన్ని కుదించడం తప్పు కాదు. మెథడిస్టు ఉద్యమానికి ఆద్యుడైన జాన్ వెస్లీ 1749 నుంచి 1755 వరకు 50 సంపుటాల 'క్రిస్టియన్ లైబ్రరీ' తెచ్చాడు, అందులో అంతా ఇతరుల రచనల కుదింపులే. కానీ ఇవి సంగ్రహాలు, కుదింపులు అని శీర్షికలోనే చెప్పాడు, బాధ్యత తన పేరు మీద వేసుకున్నాడు. మాకొచ్చిన పుస్తకంలో ఎడిటర్ పేరు ఎక్కడా లేదు. అమ్మినవాళ్లకి రాస్తే, పాత పుస్తకానికి కాపీరైట్ ఉండదు, ఎవరైనా మార్చుకోవచ్చు అని జవాబిచ్చారు. మార్చుకోండి బాబూ, కవర్ మీద 'కంప్లీట్' అని మాత్రం వేయకండి. కొంత వాదన తర్వాత డబ్బు వెనక్కి వచ్చింది. పుస్తకం మాత్రం వేరే కవర్‌తో ఇంకా అమ్ముడవుతూనే ఉంది.

కాబట్టి కొనే ముందు కవర్ చూడటం ఆపి కాపీరైట్ పేజీ చూడండి. ఏ మూలప్రతి నుంచి తీసుకున్నారు, ఎవరు ఎడిట్ చేశారు అన్నది అక్కడ లేకపోతే పక్కన పెట్టేయడమే మంచిది. 'అడాప్టెడ్', 'రివైజ్డ్' లాంటి మాటలు చిన్న అక్షరాల్లో దాక్కుని ఉంటాయి. స్టార్ రేటింగుల్ని నమ్ముకోవద్దు. ఒకే పేరున్న వేరువేరు ముద్రణల రివ్యూలు ఒకేచోట కలిసిపోయి కనిపించడం మామూలే, మీరు చదివే పొగడ్త వేరే ప్రచురణకర్త పుస్తకానిది కావచ్చు. శాంపిల్ పేజీలు ఇస్తే విషయసూచిక చూడండి. ప్రాచీన సంఘ బోధకుడు అగస్టీన్ తన జీవితం గురించి రాసుకున్న 'కన్ఫెషన్స్' అయితే 13 భాగాలు ఉండాలి. జీవితకథ 9వ భాగంతో అయిపోతుంది కాబట్టి అక్కడే ఆపేసే ముద్రణలున్నాయి. క్రీస్తును అనుసరించడం గురించిన పాత భక్తి పుస్తకం 'ఇమిటేషన్ ఆఫ్ క్రైస్ట్'లో నాలుగు భాగాలు. ప్రభు సంస్కారం గురించిన నాలుగోది లేకుండా వేసినవి పాతకాలం నుంచీ ఉన్నాయి.

ఇంకో సులువైన దారి ఉంది. ఈ పుస్తకాల పాత ఇంగ్లిష్ పాఠాలు ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్, క్రిస్టియన్ క్లాసిక్స్ ఇథీరియల్ లైబ్రరీ అనే వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. ఆర్డర్ పెట్టే ముందు అక్కడ ఒక అధ్యాయం తెరిచి శాంపిల్‌తో పోల్చుకోండి. మేమిప్పుడు అవే పాఠాలు ప్రింట్ తీసుకుని చదువుతున్నాం. బైండింగ్ అందంగా లేదు గానీ టాకటివ్ ఉన్నాడు.

"ఆశీర్వాదకరంగా ఉంటే చాలు కదా, ఇంత పట్టింపు ఎందుకు?" అని మా గ్రూపులోనే ఒకరన్నారు. పౌలు చెప్పిన మాటల్నే బెరయ ఊరివాళ్లు ప్రతిదినం లేఖనాలతో సరిచూశారని అపొస్తలుల కార్యాలు 17వ అధ్యాయంలో ఉంది. పేరు లేని ఎడిటర్‌ని వదిలేయమంటే ఎలా?

ఇప్పటికే ఇలాంటిది కొనేసి ఉంటే గడువు దాటకముందే రిటర్న్ పెట్టండి. కారణం దగ్గర 'నచ్చలేదు' అని కాకుండా 'వివరణకు సరిపోలేదు' అన్నది ఎంచుకోండి. 'కంప్లీట్' అని రాసి ఉన్న కవర్ ఫొటో, విషయసూచిక ఫొటో జత చేయండి. మా డబ్బు వెనక్కి వచ్చింది ఆ రెండు ఫొటోల వల్లే.