పాత బొలెరో స్లైడింగ్ అద్దాలు: చానెల్ మార్పించి ఇన్నేళ్ళు వాడాక

పాత బొలెరోలో వెనక సీట్ల పక్కన జరిపే అద్దాలు ఉన్నవాళ్ళందరికీ తెలిసిన బాధే ఇది. ఎండాకాలం అద్దం కదలదు, వానకాలం నీళ్ళు ఆగవు. మాది హన్మకొండ. బండి ఎక్కువగా ములుగు, తాడ్వాయి, ఏటూరునాగారం వైపే తిరుగుతుంది, ఆ దారుల్లో లేచే దుమ్మంతా పోయి అద్దం జరిగే గాడిలోనే, అంటే చానెల్‌లోనే కూర్చుంటుంది. 2021లో రెండు వైపులా పాత చానెళ్ళు తీసేసి కొత్తవి వేయించాను. ఇప్పటికీ అవే నడుస్తున్నాయి. చేయించుకోండి అనే చెప్తాను, కానీ దగ్గరుండి చేయించుకోండి.

నీళ్ళు కారగానే అందరూ కిటికీ ఫ్రేమ్ చుట్టూ ఉండే రబ్బర్ పట్టీని, అంటే బీడింగ్‌నే అనుమానిస్తారు. అద్దం జరిగే చానెల్ లోపల సన్నటి ఇనుప రేకు, దాని మీద మెత్తటి ఫెల్ట్ (ఉన్ని గుడ్డ లాంటి పట్టీ) ఉంటాయి. అద్దం అంచు నుంచి కాసిన్ని నీళ్ళు అందులోకి దిగడం మామూలే, అవి బయటికి పోవడానికే కింద చిన్న రంధ్రాలు ఇస్తారు. దుమ్ము తడిసి బురదై ఆ రంధ్రాలు మూసుకుపోతే నీళ్ళు సీటు వైపు పొంగుతాయి, ఫెల్ట్ ఆరదు, కింద రేకు తుప్పు పట్టి ఉబ్బి అద్దాన్ని పట్టేస్తుంది. అంటే కారడం, ఇరుక్కోవడం రెండూ ఒక్క రోగమే. మా బండిది విప్పితే కింది చానెల్ వేలితో గీకినా పొరలు పొరలుగా ఊడొచ్చింది, మూలలో పచ్చగా నాచు.

అంతకుముందు ఒక షాపులో బయట నుంచి సిలికాన్ సీలెంట్ (సందులు మూసే జిగురు) పూసి పంపారు. ఘాటుగా వెనిగర్ వాసన వచ్చే రకం అది. ఆ వాసన ఎసిటిక్ యాసిడ్‌ది, ఇనుముకు తుప్పు పట్టించేది అదే. పైగా నీళ్ళు పోయే రంధ్రాలు కూడా దాంతోనే మూసేశారు. దయచేసి ఎవరూ ఇలా చేయనివ్వకండి, నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

ఈసారి చేసిన మెకానిక్ అన్న ఓపిక ఉన్న మనిషి. ఫ్రేమ్ మొత్తం తీసి, తుప్పంతా వైర్ బ్రష్‌తో గీకి, ప్రైమర్ కొట్టి, అది బాగా ఆరాకే పెయింట్ వేశాడు. చానెల్ కొనేటప్పుడు పాత ముక్క, అద్దం మందం కొలత రెండూ తీసుకెళ్ళండి. చానెల్ బిగుతుగా వస్తే అద్దాన్ని అరగదీద్దాం అనుకోవద్దు, అది టఫెన్డ్ గ్లాస్ (గట్టిపరిచిన అద్దం), కోయబోతే మొత్తం పొడిపొడి అవుతుంది. కొత్త చానెల్ రంధ్రాలు ఫ్రేమ్ రంధ్రాల మీదికే వచ్చాయో లేదో బిగించే ముందే చూసుకోవాలి. బీడింగ్ ఎక్కించేటప్పుడు దాని గాడిలో చుట్టూ సన్నటి నైలాన్ తాడు పెట్టి, సబ్బు నీళ్ళు రాసి, ఒకరు బయట నుంచి అరచేత్తో నొక్కుతుంటే ఇంకొకరు లోపల నుంచి తాడు మెల్లగా లాగాలి. తాడు వస్తున్నకొద్దీ రబ్బరు అంచు బాడీ రేకు మీదికి దానంతటదే ఎక్కుతుంది. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే రబ్బరు చిరుగుతుంది.

ఫలితం అంటారా, 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులోనే 649.8 మిల్లీమీటర్లు కురిసిన ఆ వానల్లో మా బండి ఆరుబయటే ఉంది. సీటు తడవలేదు! అద్దం ఇప్పటికీ రెండు వేళ్ళతో జరుగుతుంది. లోపాలూ ఉన్నాయి. గుంతల రోడ్డు మీద టకటక తగ్గింది కానీ పూర్తిగా పోలేదు, ప్లాస్టిక్ లాక్ వదులైంది, ఎప్పుడూ తీసి మూసే వైపు ఫెల్ట్ అరుగుతోంది.

నూనె, గ్రీజు మాత్రం వేయకండి, దుమ్ము పట్టి ముద్దవుతుంది, రబ్బరూ పాడవుతుంది. గుడ్డ మీద సిలికాన్ స్ప్రే కొట్టి చానెల్‌లో తుడిస్తే చాలు. వానకాలం ముందు పాత టూత్ బ్రష్‌తో చానెల్ శుభ్రం చేసి ఒక గ్లాసు నీళ్ళు పోసి చూడండి. బయట బాడీ మీదుగా కారితే ఇబ్బంది లేదు. లోపల చెమ్మ కనిపిస్తే అప్పుడు బీడింగ్‌ను అనుమానించండి.