లినక్స్ మింట్‌కి మారి రెండేళ్లు: వెనక్కి పోకుండా ఆపింది టైంషిఫ్టే

విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోతుందని తెలిసినప్పుడే నా ల్యాప్‌టాప్ సంగతి చూసుకున్నాను. ప్రాసెసర్ ఏడో తరానిది, విండోస్ 11 అడిగే లిస్టులో లేదు. మెషీన్ మాత్రం చక్కగా పనిచేస్తోంది, పక్కన పడేయడానికి మనసు రాలేదు. గడువు దాకా ఆగకుండా ముందే, విండోస్ బదులు వేసుకోగల ఉచిత ఆపరేటింగ్ సిస్టం లినక్స్ మింట్‌కి మారిపోయాను. అప్పుడు వెర్షన్ 21 వాడాను, ఇప్పుడు 22లో ఉన్నాను. ఇన్‌స్టాల్ ఎలా చేయాలి, ర్యామ్ ఎంత కావాలి లాంటివి ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి వెళ్లను. మెనూలు, షార్ట్‌కట్లు వారంలో చేతికి వచ్చేశాయి. సి డ్రైవ్, డి డ్రైవ్ అంటూ ఏమీ లేకపోవడం మాత్రం నెల రోజులు తికమక పెట్టింది.

నేను చెప్పాలనుకున్నది టైంషిఫ్ట్ గురించి. మింట్‌లో మొదటిసారి లాగిన్ అవ్వగానే వచ్చే వెల్‌కమ్ స్క్రీన్ దాన్ని సెట్ చేసుకోమంటుంది. పెద్దగా ఆలోచించకుండా రోజుకొకటి తీసేలా టిక్ పెట్టి మర్చిపోయాను. అది చేసే పని, సిస్టం ఫైళ్లు ఆ రోజుకి ఎలా ఉన్నాయో అలా ఒక స్నాప్‌షాట్ తీసి దాచడం. మారని ఫైల్‌ని మళ్లీ కాపీ చేయదు, ముందున్న కాపీకే ఇంకో లింకు పెడుతుంది. అందుకే మొదటిది చాలా చోటు తింటుంది కానీ తర్వాతవి కొద్దికొద్దిగానే పెరుగుతాయి.

ఏడెనిమిది నెలలు దాని అవసరమే రాలేదు. ఒక రాత్రి, మర్నాడు పొద్దున్నే పంపాల్సిన నలభై పేజీల రిపోర్ట్ దాదాపు పూర్తి చేసి, సేవ్ చేసి, పనిలో పనిగా పెండింగ్‌లో ఉన్న అప్‌డేట్లన్నీ నొక్కేశాను. సిస్టంకి గుండెకాయ లాంటి కెర్నల్‌తో పాటు గ్రాఫిక్స్ డ్రైవర్ కూడా అందులో ఉంది. రీస్టార్ట్ చేస్తే లోగో వచ్చింది, పోయింది, ఆ తర్వాత నల్లటి స్క్రీన్. ఎడమవైపు పైన ఒక చిన్న గీత వెలుగుతూ ఆరుతూ ఉంది, అంతే. మూడుసార్లు ఆపి మళ్లీ ఆన్ చేశాను, అదే గీత. రిపోర్ట్ లోపల ఉంది, టైం పదకొండు దాటింది, చేతులు చల్లబడ్డాయి.

ఫోన్‌లో వెతికితే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కి చూడమన్నారు. నొక్కగానే అక్షరాల స్క్రీన్ ఒకటి వచ్చి యూజర్ నేమ్ అడిగింది. పాస్‌వర్డ్ కొడుతుంటే చుక్క కూడా పడటం లేదు, కీబోర్డ్ కూడా పోయిందేమో అని ఇంకా టెన్షన్. అక్కడ పాస్‌వర్డ్ కొడితే ఏమీ కనిపించకపోవడమే పద్ధతి అని నాకు అప్పటిదాకా తెలియదు. ఎంటర్ కొడితే లోపలికి వెళ్లింది. టైంషిఫ్ట్ రిస్టోర్ కమాండ్ ఇచ్చాను. స్నాప్‌షాట్లన్నీ నంబర్లతో, తేదీలతో వరుసగా కనిపించాయి. ఆ రోజు పొద్దున తీసింది కూడా ఉంది! దాని నంబర్ కొట్టి, అడిగిన ప్రతిదానికీ రెండుసార్లు చదివి మరీ జవాబిచ్చాను. ఫైళ్ల పేర్లు గబగబా పైకి పోతూ ఉన్నాయి, ఓ పది నిమిషాలు పట్టిందేమో, మెషీన్ దానంతటదే రీస్టార్ట్ అయింది. డెస్క్‌టాప్ వచ్చింది. రిపోర్ట్ తెరిస్తే నేను చివర టైప్ చేసిన వాక్యంతో సహా ఉంది, ఎందుకంటే టైంషిఫ్ట్ సిస్టంని మాత్రమే వెనక్కి తీసుకెళ్లింది, నా సొంత ఫైళ్లుండే హోమ్ ఫోల్డర్‌ని ముట్టుకోలేదు. ఇంతకుముందు వాడిన సిస్టంలో ఇలాంటిది జరిగి మొత్తం ఫార్మాట్ చేయించుకున్నాను, అందుకే ఆ క్షణం నాకు అంత గొప్పగా అనిపించింది.

నిజానికి ఆ రాత్రి అంత దూరం వెళ్లక్కర్లేదేమో. మెషీన్ ఆన్ అయ్యేటప్పుడు తెరిచే బూట్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్తే పాత కెర్నల్ అలాగే ఉంటుందని, చాలాసార్లు దాన్ని ఎంచుకుంటే సరిపోతుందని తర్వాత తెలిసింది.

హోమ్ ఫోల్డర్‌ని ముట్టుకోకపోవడం ఆ రోజు నన్ను కాపాడింది, ఇంకో రోజు అదే దెబ్బ తీసింది. పాత ఫొటోల ఫోల్డర్ ఒకటి పొరపాటున పూర్తిగా డిలీట్ చేసేసి, ఏం పర్లేదు టైంషిఫ్ట్ ఉందిగా అని ధీమాగా తెరిచాను. అందులో లేవు. మన ఫైళ్లను అది మామూలుగా దాచదు, కావాలంటే మనమే సెట్టింగ్ మార్చాలి. ఒక పెన్‌డ్రైవ్‌లో సగం దొరికాయి, మిగతా సగం పోయినట్టే. ఫైళ్ల కోసం మింట్‌లోనే విడిగా బ్యాకప్ టూల్ ఉంది, ఇప్పుడు ప్రతి ఆదివారం దాంతో బయటి డిస్క్‌లోకి తీసుకుంటున్నాను. స్నాప్‌షాట్లు కూడా అదే ల్యాప్‌టాప్ డిస్క్‌లో ఉంటే, ఆ డిస్క్ పోయిన రోజు అవీ పోతాయి.

చోటు గొడవ ఇంకోటి. సిస్టంకి నేను డిస్క్‌లో 40 జీబీ భాగం (పార్టిషన్) ఇచ్చాను. ఫ్లాట్‌ప్యాక్ యాప్‌లు, అంటే తమకు కావాల్సినవన్నీ వెంట తెచ్చుకునే పద్ధతిలో వచ్చే యాప్‌లు, నాలుగైదు వేసుకున్నాక, అవి అప్‌డేట్ అయినప్పుడల్లా పాతవి స్నాప్‌షాట్లలో మిగిలిపోయి, ఒకరోజు డిస్క్ నిండిపోయిందని హెచ్చరిక వచ్చింది. రోజువారీవి రెండు, వారానికి ఒకటి మాత్రమే ఉంచేలా మార్చాక ఆ బాధ తప్పింది. మళ్లీ మొదటి నుంచి వేసుకుంటే కనీసం 80 జీబీ ఇస్తాను.

నా పని రాయడం, బ్రౌజర్, మెయిల్, అంతకు మించి లేదు. అందుకే నాకు ఇది సరిపోయింది. ఎక్సెల్ మాక్రోల మీద ఆఫీసు పని నడిచేవాళ్లకు, ఫొటోషాప్ లేకపోతే కుదరనివాళ్లకు మారమని నేను చెప్పలేను. మా ఇంట్లో రెండో కంప్యూటర్ ఒకటి ఉండటం కూడా నా ధైర్యానికి కారణమే. 21 నుంచి 22కి వెళ్లేటప్పుడు అప్‌గ్రేడ్ టూల్ తనే ముందు స్నాప్‌షాట్ ఉందా అని చూసింది, అది నాకు బాగా నచ్చింది. మామూలు అప్‌డేట్లకు మాత్రం నేనే ముందు ఒకటి తీసి, పక్కన కామెంట్‌లో ఏం అప్‌డేట్ చేస్తున్నానో రాసి, అప్పుడు ఇన్‌స్టాల్ నొక్కుతున్నాను. పంపాల్సిన పని ఏదైనా ఉంటే ఆ రాత్రికి అదీ లేదు, అప్‌డేట్ మర్నాడే.