మా ఆసుపత్రిలో డాస్: ఏడేళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

హైదరాబాదులో రెండు బేస్‌మెంట్లు, ఎనిమిది అంతస్తులున్న ఒక ఆసుపత్రి భవనానికి నేను నిర్వహణ ఇంజినీరును. 2018లో ఇక్కడ డాస్, అంటే డిస్ట్రిబ్యూటెడ్ యాంటెనా సిస్టమ్ (భవనం లోపల అక్కడక్కడా చిన్న యాంటెనాలు పెట్టి ఫోను సిగ్నల్ అందించే వ్యవస్థ), అమర్చారు. అంతకుముందు రేడియాలజీ ఉన్న కింది బేస్‌మెంట్‌లో ఫోను పనిచేసేది కాదు. ఎక్స్‌రే గదుల గోడలకు సీసపు రేకులు, పైన మందపాటి స్లాబు ఉండటంతో బయటి టవరు సిగ్నల్ లోపలికి చేరేది కాదు. స్కానింగ్ దగ్గర వేచి ఉన్న బంధువులకు కబురు చెప్పాలంటే మనిషే మెట్లు దిగి రావలసి వచ్చేది.

టెలికాం పరికరాల నుంచి వచ్చే సిగ్నల్‌ను కాంతిగా మార్చి, ఫైబర్ ద్వారా అంతస్తుల్లోని రిమోట్ యూనిట్లకు పంపుతారు. అక్కడ అది మళ్లీ రేడియో సిగ్నల్‌గా మారి, కోయాక్సియల్ కేబుళ్లు, సిగ్నల్‌ను పంచే స్ప్లిటర్ల మీదుగా సీలింగ్‌లోని చిన్న యాంటెనాలకు చేరుతుంది. యాంటెనా దగ్గరలోనే ఉంటుంది కాబట్టి ఫోను తక్కువ శక్తితో మాట్లాడగలుగుతుంది. బేస్‌మెంట్ సమస్య పూర్తిగా తీరింది, అందుకు నాకు ఎంతో సంతృప్తిగా ఉంది.

అయితే దీని అసలు పరీక్ష నిర్వహణలోనే ఉంది. 2021లో మూడో అంతస్తులో ఫాల్స్ సీలింగ్ మరమ్మతు జరిగాక, ఫోన్లలో సిగ్నల్ గీతలన్నీ నిండుగా కనిపిస్తున్నా, మన మాట మాత్రం అవతలివారికి ముక్కలు ముక్కలుగా వినిపించేది. ఆ గీతలు ఫోనుకు వచ్చే సిగ్నల్‌నే చూపుతాయి, ఫోను నుంచి వెళ్లే దాని సంగతి చెప్పవు. రెండు రోజులు రిమోట్ యూనిట్‌నే అనుమానించాం. చివరకు పిమ్ (పాసివ్ ఇంటర్‌మాడ్యులేషన్, అంటే వదులు కనెక్టర్ల వంటి చోట్ల సిగ్నళ్లు కలిసి పుట్టే రొద) కొలిచే మీటరుతో వెతికితే, పనివారి చేయి తగిలి వదులైన ఒక కనెక్టరు బయటపడింది. అలాంటి చోట బలమైన సిగ్నళ్లు ఒకదానితో ఒకటి కలిసి కొత్త పౌనఃపున్యాలను పుట్టిస్తాయి, అవి ఫోను నుంచి వెళ్లే సిగ్నల్ దారిలో రొదగా పడతాయి. టార్క్ రెంచితో (నిర్ణీత బిగువుకు బిగించే పనిముట్టు) సరిగా బిగించగానే మాట స్పష్టమైంది. అప్పటి నుంచి సీలింగ్ పని ముగిసిన ప్రతిసారీ కనెక్టర్లను పరీక్షించకుండా బిల్లు ఆమోదించడం లేదు.

నన్ను ఇంకా బాధించే లోపం 5జీ. మన దేశంలో అది 2022 అక్టోబరులో మొదలైంది. మా యాంటెనాలు 2700 మెగాహెర్ట్జ్ వరకే పనిచేస్తాయి, 5జీకి విరివిగా వాడే బ్యాండు 3300 పైన ఉంది. యాంటెనాలు మార్చినంత మాత్రాన చాలదు. యాంటెనాలకు సిగ్నల్ మోసే అర అంగుళం ఫీడరు కేబుల్‌లో 100 మీటర్లకు 900 మెగాహెర్ట్జ్ దగ్గర సుమారు 7 డెసిబెల్స్ నష్టమైతే, 3500 దగ్గర అది దాదాపు రెట్టింపవుతుంది, యాంటెనాకు చేరే సిగ్నల్ బలహీనపడుతుంది, కాబట్టి యాంటెనాల మధ్య దూరం కూడా తగ్గించాలి. మా కొత్త బ్లాకు టెండరులో ఆ బ్యాండును కూడా మోయగల యాంటెనాలు, స్ప్లిటర్లు మొదటి రోజే ఉండాలని రాయించాను.